మడక చేసేవాడు, దున్నేవాడు

చిత్తూరు జిల్లా పల్లెల్లో మడక చేసిచ్చే వడ్రంగికీ, కర్రు సాగగొట్టి కొడవలికి కక్కు పెట్టే కమ్మరికీ ఒకప్పుడు చేసిన పనికి అప్పటికప్పుడు డబ్బులిచ్చే పద్ధతి ఉండేది కాదు. ఏడాదంతా పని చేయించుకుని, పంట కోసి నూర్చాక కల్లం దగ్గర ఇంత అని ధాన్యం కొలిచేవాళ్ళు. దాన్ని మేర అనేవాళ్ళు. పంట రెండింతలు పండినా కమ్మరికి రెండు మేరలు రావు. పంట మొత్తం పోతే మాత్రం రైతుతో పాటు ఆయనా పస్తే. ఈ బేరంలో న్యాయం ఎంత, అన్యాయం ఎంత అన్నది వేరే చర్చ. అందులో కులం ఉంది, కట్టుబాటు ఉంది, కాదనలేకపోవడం ఉంది. ఇక్కడ నాకు కావాల్సింది అందులోని లెక్క ఒక్కటే: పనిముట్టు చేసేవాడి బతుకు పక్కవాడి పొలానికి కట్టేసి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ పనిముట్లు చేసేవాళ్ళు, వాటితో పని చేసేవాళ్ళు అని రెండు జాతులు ఉన్నాయి. మనవాళ్ళు ఎక్కువగా రెండో జాతి. తిరుపతిలో, మదనపల్లెలో, పుత్తూరులో ఇంజనీరింగ్ చదివి అమీర్‌పేటలో కోర్సు చేసి, అక్కణ్ణుంచి బెంగళూరుకో డాలస్‌కో వెళ్ళినవాళ్ళు ప్రపంచంలో సగం బ్యాంకులకి కోడ్ రాసిపెట్టారంటే అతిశయోక్తే గానీ పూర్తి అబద్ధం కాదు. ఆ కోడ్ రాయడానికి వాడిన ఎడిటర్, కంపైలర్, డీబగ్గర్, సర్వర్ మాత్రం ఇంకెవరో చేసినవి. ఆయుధపూజ రోజు లాప్‌టాప్‌కి కుంకుమ బొట్టు పెడతాం. ఆ ఆయుధం ఏ కొలిమిలోంచి వచ్చిందో అడగం.

అడిగితే, అలాంటి కొలిములు మన దగ్గరా ఉన్నాయి. ఒకటి హైదరాబాద్‌లో వెలిగింది. ఇంకొకటి చెన్నై శివార్లలో వెలిగి, ఇరవై ఏళ్ళు దాటాక రేణిగుంటలో ఒక కొమ్మ వేసింది.

ముందు ఈ వ్యాపారం ఎంత చిత్రమైనదో చూడాలి. 1975లో మైక్రోసాఫ్ట్ పుట్టిందే ప్రోగ్రామర్ల పనిముట్టు అమ్మడానికి. ఆల్టెయిర్ అనే చిన్న కంప్యూటర్ కోసం చేసిన బేసిక్ భాష అది. ఏడాది తిరక్కుండానే బిల్ గేట్స్ కంప్యూటర్ ఔత్సాహికులకి ఒక బహిరంగ లేఖ రాసి, మీలో ఎక్కువమంది దీన్ని కాపీ కొట్టి వాడుతున్నారని కోప్పడ్డాడు. ఈ వ్యాపారానికి పుట్టుకతోనే ఉన్న జబ్బు అది. పనిముట్టు కొనేవాడికి దాన్ని కాపీ కొట్టడం తెలుసు, కావాలంటే అలాంటిది తనే చెయ్యగలననే ధీమా కూడా ఉంటుంది. 1983లో బోర్లాండ్ కంపెనీ దీనికి వేరే మందు వేసింది. పోటీవాళ్ళు వందల డాలర్లకి అమ్ముతున్న రోజుల్లో టర్బో పాస్కల్‌ని 49.95 డాలర్లకి, పోస్టులో పంపించి అమ్మింది. పుస్తకంలాగా వాడుకోండి, ఒక సమయంలో ఒక్కరు మాత్రం వాడండి అంది లైసెన్స్. జనం కొన్నారు. తొంభైల చివర్లో మన కాలేజీ ల్యాబుల్లో నీలం తెర మీద పసుపు అక్షరాలతో కనిపించిన టర్బో సీ ఆ ఇంటి బిడ్డే. మన దగ్గర ఎంతమంది దాన్ని డబ్బిచ్చి కొన్నారన్నది అడక్కపోవడమే మంచిది.

ఇక చెన్నై కథ. తంజావూరు వైపు మూలాలున్న శ్రీధర్ వెంబు 1989లో మద్రాస్ ఐఐటీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ముగించి, ప్రిన్స్‌టన్‌లో పీహెచ్‌డీ చేసి, శాన్‌డియేగోలో క్వాల్‌కామ్‌లో చేరారు. బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన టోనీ థామస్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ ఒకటి రాస్తూ ఉన్నారు. వీళ్ళూ, వెంబు తోబుట్టువులూ కలిసి 1996లో మొదలుపెట్టిన కంపెనీకి అడ్వెంట్‌నెట్ అని పేరు. ఇప్పుడు మనం జోహో అంటున్నది దాన్నే. జోహో అనగానే మెయిలు, బిల్లింగు, సీఆర్‌ఎం గుర్తొస్తాయి. మొదటి ఆరేడేళ్ళు వాళ్ళు చేసింది ఇవేవీ కాదు. వాళ్ళ సరుకు కొనేవాడు గుమాస్తా కాదు, వ్యాపారస్తుడు కాదు, ఇంకో ప్రోగ్రామర్.

ఆ సరుకు ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి. ఆఫీసులో మూలన మినుకుమినుకుమంటూ ఉండే రౌటర్, స్విచ్ లాంటి పెట్టెలు ఎలా ఉన్నాయో దూరం నుంచి కనుక్కోవాలంటే వాటితో మాట్లాడే ఒక భాష కావాలి. 1988లో అలాంటిది ఒకటి వచ్చింది, ఎస్‌ఎన్‌ఎంపీ. పెట్టె లోపల ఏజెంట్ అనే చిన్న ప్రోగ్రామ్ కూర్చుంటుంది. ఎన్ని ప్యాకెట్లు వెళ్ళాయి, ఏ తీగ తెగింది, ఫ్యాన్ తిరుగుతోందా, ఇలాంటి వివరాలకి ఒక్కోదానికీ ఒక నంబరు. బయటినుంచి మేనేజర్ అనే ప్రోగ్రామ్ ఆ నంబరు అడిగితే ఏజెంట్ జవాబు చెబుతుంది. ప్రమాదం ముంచుకొస్తే అడక్కుండానే కేక పెడుతుంది. పేరులో సింపుల్ అని ఉంది గానీ, దాన్ని మొదట్నుంచీ చివరిదాకా తప్పుల్లేకుండా రాయడం నెలల పని. పెట్టెలు తయారుచేసే ప్రతి కంపెనీకీ ఇది కావాలి. ఏ కంపెనీకీ ఇది ముఖ్యమైన పని కాదు. పనిముట్లు అమ్మేవాడికి సరిగ్గా ఇలాంటి చోటే కావాలి: అందరికీ తప్పనిసరి, ఎవరికీ ఇష్టం లేని పని.

1995లో జావా వచ్చింది. ఒకసారి రాస్తే ఏ కంప్యూటర్ మీదైనా నడుస్తుందన్నది దాని వాగ్దానం. అడ్వెంట్‌నెట్ జావాలో ఎస్‌ఎన్‌ఎంపీ లైబ్రరీలు, ఏజెంట్ తయారుచేసే కిట్లు, ఆ తర్వాత వెబ్‌ఎన్‌ఎంఎస్ అనే పెద్ద చట్రం చేసి పెట్టె కంపెనీలకి అమ్మింది. అమ్మకం కాలిఫోర్నియాలో, తయారీ చెన్నైలో.

ఇలాంటి సరుకు అమ్మడంలో ఉండే బాధలు బయటివాళ్ళకి తెలియవు. మామూలు సాఫ్ట్‌వేర్‌లో తప్పుంటే వాడేవాడు ఏదో తిప్పలు పడి దాటేస్తాడు. పనిముట్టులో తప్పుంటే ఆ తప్పు కొన్నవాడి సరుకులోకి వెళ్ళి, అక్కణ్ణుంచి వాడి ఖాతాదారుల దగ్గర బయటపడుతుంది. అర్ధరాత్రి వచ్చే ఫోను అవతల ఉన్నది మీకన్నా బాగా కోడ్ తెలిసినవాడు, వాడికి సాకులు చెల్లవు. మాన్యువల్ సరుకుకి తోక కాదు, సగం సరుకు అదే. ఒక ఫంక్షన్ పేరు మీకు నచ్చలేదని వచ్చే వెర్షన్‌లో మార్చలేరు. ఎక్కడో ఒక ఫ్యాక్టరీలో దాన్ని పేరు పెట్టి పిలుస్తున్న కోడ్ ఒకటి ఉంటుంది. అమ్మడానికి వెళ్తే ప్రతి ఇంజనీరూ అనే మాట ఒకటే: దీనికి డబ్బెందుకు, రెండు వారాలిస్తే నేనే రాసేస్తా. వాడు నిజంగానే రాస్తాడు కూడా. రెండేళ్ళ తర్వాత దాన్ని బాగుచెయ్యలేక వదిలేస్తాడు. ఆ రెండేళ్ళూ కంపెనీ బతికి ఉండటమే అసలు విద్య.

అడ్వెంట్‌నెట్ బతికి ఉండటానికి ఒక కారణం, అది అప్పు పెట్టుబడితో నడవకపోవడం. డాట్‌కామ్ వేడిలో డబ్బిస్తామని వచ్చినవాళ్ళ షరతుల్లో, ఇన్నేళ్ళలో కంపెనీని అమ్మాలి లేదా షేర్ మార్కెట్‌కి తీసుకెళ్ళాలి అనే మెలిక చూసి వద్దనుకున్నామని వెంబు చాలాసార్లు చెప్పారు. అది 2000 నాటి మాట. మరుసటేడే టెలికాం కుప్పకూలింది. పెట్టెలు చేసే కంపెనీలు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి, లేదా ఖర్చులు కోసుకున్నాయి. పెట్టె లేకపోతే పెట్టె లోపల ఏజెంట్ ఎవరికి కావాలి? కల్లంలో ధాన్యం లేని ఏడాది మేర అడగడానికి వెళ్ళిన కమ్మరి పరిస్థితి అది.

అప్పుడు వాళ్ళు చేసిన పని తెలివైనదే గానీ, చెప్పుకునేంత వీరోచితం కాదు. చేతిలో ఉన్న లైబ్రరీలతో, ఇంకొకరికి కిట్లు అమ్మే బదులు తామే పూర్తి సాధనం చేసి నెట్‌వర్క్ నడిపే ఆఫీసులకి నేరుగా అమ్మడం మొదలుపెట్టారు. 2002లో వచ్చిన మేనేజ్ఇంజన్ అదే. హెచ్‌పీ, ఐబీఎం, బీఎంసీ, సీఏ అనే నలుగురు దిగ్గజాలు లక్షల్లో అమ్ముతున్నదాన్ని వెబ్‌సైట్లో దింపుకుని వాడుకునేలా, చవగ్గా పెట్టారు. అందులోంచి వచ్చిన డబ్బు 2005లో జోహో పేరుతో మొదలైన రాతపలక లాంటి ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్లకి ఎరువైంది. 2009లో కంపెనీ పేరే జోహో అయింది. అంటే మనం చూస్తున్న చెట్టుకి వేరు పనిముట్ల అంగడిలో ఉంది. ఆ అంగడినీ వాళ్ళు పూర్తిగా మూసెయ్యలేదు. 2006లో వచ్చిన క్రియేటర్, తర్వాత వచ్చిన కేటలిస్ట్ రెండూ మళ్ళీ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళ కోసం చేసినవే.

హైదరాబాద్ కొలిమి కథ ఇంత సాఫీగా నడవలేదు. నాకు మాత్రం అదే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

1998 హైదరాబాద్‌కి ముఖ్యమైన ఏడాది. సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మైక్రోసాఫ్ట్ తన ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ పెట్టింది. అదే ఏడాది జయ్ పుల్లూర్, విజయ్ పుల్లూర్ అనే అన్నదమ్ములు ప్రమతి టెక్నాలజీస్ పెట్టారు. చుట్టూ అందరూ వైటూకే పనికి మనుషుల్ని లెక్కపెట్టి విమానాలెక్కిస్తున్న కాలం అది. గంటకింత అని మనిషిని అద్దెకిస్తే వారం తిరిగేసరికి డబ్బులు. అలాంటప్పుడు ప్రమతి ఎంచుకున్న సరుకు అప్లికేషన్ సర్వర్. జావాతో పెద్ద సంస్థల సాఫ్ట్‌వేర్ ఎలా కట్టాలో సన్ మైక్రోసిస్టమ్స్ 1999 చివర్లో జే2ఈఈ అని ఒక ప్రమాణం ప్రకటించింది. లావాదేవీలు, భద్రత, డేటాబేస్ కనెక్షన్లు లాంటి కష్టమైన పనులన్నీ సర్వర్ చూసుకుంటుంది, ప్రోగ్రామర్ తన వ్యాపార లెక్క మాత్రం రాసుకుంటే చాలు. ఈ సర్వర్ అమ్మే అంగట్లో ఉన్నది బీఈఏ వాళ్ళ వెబ్‌లాజిక్, ఐబీఎం వాళ్ళ వెబ్‌స్ఫియర్. వాటి పక్కన హైదరాబాద్ నుంచి ఒక చిన్న కంపెనీ వెళ్ళి నిలబడి, సన్ పెట్టిన వేల పరీక్షలు దాటి, జే2ఈఈ 1.3 ధృవీకరణ పొందిన తొలి సర్వర్లలో ఒకటిగా నిలిచింది. ఇది చిన్న సంగతి కాదు. మన సాఫ్ట్‌వేర్ చరిత్ర రాసేవాళ్ళు సైబర్ టవర్స్‌కి పది పేజీలిచ్చి దీనికి ఒక పేరా ఇవ్వడం నాకు అర్థం కాదు.

ఐతే ధర పడిపోతోంది. జేబాస్ అనే సర్వర్ 1999 నుంచే ఉచితంగా దొరకడం మొదలైంది. సోర్స్ కోడ్‌తో సహా. 2001 నవంబరులో ఐబీఎం 4 కోట్ల డాలర్ల విలువైన కోడ్ అని చెప్పి ఎక్లిప్స్ అనే ఎడిటర్ని ప్రపంచానికి ఊరికే ఇచ్చేసింది. ఐబీఎంకి అది దానం కాదు. పనిముట్టు ఉచితమైతే దానితో తయారయ్యేవాటికి సర్వర్లూ సేవలూ అమ్ముకోవచ్చు. పనిముట్టు అమ్ముకునే బతికేవాడికి ఆ దారి లేదు. పెద్ద బడ్జెట్ ఉన్నవాడు వెబ్‌లాజిక్ కొంటాడు, డబ్బు లేనివాడు జేబాస్ దింపుకుంటాడు, మధ్యలో మంచి సరుకు మంచి ధరకి పెట్టుకుని కూర్చున్నవాడి దగ్గరికి ఎవడూ రాడు. 2006లో రెడ్‌హ్యాట్ జేబాస్‌ని 35 కోట్ల డాలర్లకి కొంది. 2008లో బీఈఏ ఒరాకిల్ చేతికి వెళ్ళింది, 2010లో సన్ కూడా. దాదాపు పదేళ్ళలో ఆ వీధి చాలావరకు చేతులు మారింది.

ప్రమతి చచ్చిపోలేదు, రూపం మార్చుకుంది. సర్వర్ చేసిన అనుభవంతో ఒక్కో ఆలోచనని ఒక్కో చిన్న కంపెనీగా పెంచడం మొదలుపెట్టింది. అందులో ఒకటైన క్యూఆన్‌టెక్స్ట్‌ని 2012లో ఆటోడెస్క్ కొంది. 2013లో ప్రమతి తిరిగి పనిముట్టు దగ్గరికే వచ్చింది. తక్కువ కోడ్‌తో అప్లికేషన్లు తయారుచేసే వేవ్‌మేకర్‌ని వీఎంవేర్ దగ్గర కొనుక్కుంది. అమెరికా కంపెనీ మన కంపెనీని కొనడం వార్త. మన కంపెనీ వెళ్ళి అమెరికావాళ్ళు వద్దనుకున్న పనిముట్టుని తెచ్చుకుని సానపెట్టడం పెద్ద వార్త కాలేదు.

ఇంకో రెండు మాటలు హైదరాబాద్ గురించి. సన్‌కీ మైక్రోసాఫ్ట్‌కీ జావా మీద కోర్టు తగాదా జరిగి 2001లో రాజీ అయ్యాక, మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ మీద జావా లాంటి భాష ఒకటి తెచ్చింది, విజువల్ జే షార్ప్. అది తయారైంది హైదరాబాద్ సెంటర్‌లో. కొన్నేళ్ళకే దాన్ని ఆపేశారు. 2007లో రాజ్ కోనేరు పెట్టిన కోనీ సంగతి ఇంకొంచెం మెరుగు. సింబియన్, బ్లాక్‌బెర్రీ, ఐఫోన్ అని ఫోన్లు తలో భాష మాట్లాడుతున్న రోజుల్లో, ఒకసారి రాసి అన్నిట్లో నడిపించుకునే వేదిక చేసి బ్యాంకులకి అమ్మింది. 2019లో స్విట్జర్లాండ్ కంపెనీ టెమెనోస్ దాన్ని 55.9 కోట్ల డాలర్లకి కొంది.

ఇప్పుడు రేణిగుంట.

చిత్తూరు వాళ్ళకి పట్నం అంటే హైదరాబాద్ కాదు. 1911 దాకా చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాకి కేంద్రం. ఆ ఏడాది కొత్త జిల్లా అయ్యాక కూడా అది మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉంది. 1960లో తిరుత్తణి అటు వెళ్ళిపోయాక కూడా జబ్బు చేసినా, పెళ్ళి బట్టలు కొనాలన్నా పొద్దున్నే బస్సో సప్తగిరి ఎక్స్‌ప్రెస్సో ఎక్కి మద్రాసుకి పోవడమే. "మావోడు మద్రాసులో ఉండాడు" అనే మాట వినని ఊరు లేదు. చంద్రగిరి మండలం నారావారిపల్లెలో పుట్టి, ఎస్వీ యూనివర్సిటీలో చదివి, కుప్పం నుంచి గెలుస్తూ వచ్చిన చంద్రబాబునాయుడు ముఖ్యమంత్రిగా సాఫ్ట్‌వేర్ నగరం కట్టింది కూడా సొంత జిల్లాకి ఐదు వందల కిలోమీటర్ల పైన ఉన్న హైదరాబాద్‌లోనే. సొంతూళ్ళో కట్టలేదని ఆయన్ని తప్పుపట్టడం తేలిక. రాజధానిలో కాకుండా ఇంకెక్కడ కట్టినా ఆ రోజుల్లో ఎవరూ వచ్చేవాళ్ళు కాదన్నది కూడా అంతే నిజం. ఫలితం మాత్రం తిరుపతి కాలేజీలు ఇంజనీర్లని తయారుచేసి రైలెక్కించే స్టేషన్లుగా మిగలడం.

వస్తువు తయారుచెయ్యడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. పేటమిట్ట గ్రామానికి చెందిన గల్లా రామచంద్రనాయుడు అమెరికాలో ఇంజనీరు ఉద్యోగం చేసి తిరిగొచ్చి, 1985లో అమరరాజా మొదలుపెట్టారు. రేణిగుంట దగ్గర కరకంబాడిలో బ్యాటరీలు తయారై దేశమంతా వెళ్ళాయి. బ్యాటరీ ఫ్యాక్టరీ చుట్టూ పల్లె కుర్రాళ్ళు పని నేర్చుకున్నారు. ఊరికి దగ్గర్లో ఉద్యోగం అంటే ఏమిటో ఆ చుట్టుపక్కలవాళ్ళకి తెలుసు.

జోహో చిన్న ఊళ్ళ దారి ఇక్కడ పుట్టింది కాదు. 2005లో ఆరుగురు విద్యార్థులతో వాళ్ళు సొంత బడి పెట్టారు. ఇంటర్, డిప్లొమా చదివిన పిల్లల్ని తీసుకుని, ఫీజు లేకుండా, చేతి ఖర్చులకి ఎదురు డబ్బిచ్చి పని నేర్పించడం. 2011లో తెన్‌కాశిలో చిన్న ఆఫీసు తెరిచారు. జోహో డెస్క్ అనే సరుకు అక్కడే రూపు దిద్దుకుంది. రేణిగుంట ఆఫీసు 2018 నాటిది. విమానాశ్రయం, రైల్వే జంక్షన్, చెన్నైకి మూడు నాలుగు గంటల దారి, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు. లెక్క సులువుగానే కుదిరింది.

దీన్ని తెలుగు కంపెనీ విజయంగా చెప్పుకుంటే తప్పు. కొలిమి యజమానులు ఇక్కడివాళ్ళు కాదు. ఏ సరుకు చెయ్యాలి, దేన్ని ఆపాలి అన్న నిర్ణయాలు ఎక్కువగా చెన్నైలో జరుగుతాయి. చిన్న ఊరి ఆఫీసు కంపెనీకి ఆదా కూడా: అద్దె తక్కువ, వదిలి వెళ్ళేవాళ్ళు తక్కువ. ఊరి మీద ప్రేమ ఎంత, ఖర్చు లెక్క ఎంత అని విడదీసి చూడటం నావల్ల కాదు, బహుశా వాళ్ళ వల్లా కాదేమో. కానీ తేడా ఒకటుంది. గంటల లెక్కన అమ్మే కంపెనీలో కుర్రాడు నేర్చుకునేది ఖాతాదారుడి అవసరం. ప్రాజెక్టు అయిపోతే ఆ నేర్పు అతనితోనే పోతుంది. సరుకు చేసే కంపెనీలో ఐదేళ్ళు ఒకే కోడ్‌తో కాపురం చేస్తాడు. తను పెట్టిన పేరు, తను చేసిన తప్పు తిరిగి తన దగ్గరికే వస్తాయి. ప్రమతి నుంచి బయటికొచ్చినవాళ్ళు, జోహో నుంచి బయటికొచ్చినవాళ్ళు సొంత కంపెనీలు పెట్టడం యాదృచ్ఛికం కాదు. చెన్నైలో ఫ్రెష్‌వర్క్స్ పెట్టిన గిరీశ్ మాతృభూతం జోహోలో పనిచేసినవాడే. తిరుపతిలో అలాంటి పేరు ఇంకా వినబడాల్సి ఉంది. 2015లో వచ్చిన ఐఐటీ ఏర్పేడు దగ్గరే ఉంది, శ్రీసిటీలో ట్రిపుల్ ఐటీ ఉంది. పిల్లలు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా రైలే ఎక్కుతున్నారు.

ఈలోగా పనిముట్టు అనే మాటకే అర్థం మారుతోంది. 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకి గిట్‌హబ్‌ని కొంటున్నట్టు ప్రకటించినప్పుడు కుర్చీలో ఉన్నది సత్య నాదెళ్ళ. తండ్రి వైపు మూలాలు అనంతపురం జిల్లా బుక్కాపురంలో. 1992లో సన్ వదిలి మైక్రోసాఫ్ట్‌లో చేరినవాడు. కోడ్ దాచుకునే చోటుకి అంత ధర ఎందుకని అప్పుడు చాలామంది అడిగారు. అక్కడ పోగైన కోడ్ చదివి కోడ్ రాసే కోపైలట్ 2021లో బయటికొచ్చింది, 2022లో అందరికీ అమ్మకానికి పెట్టారు. నెలకింత అని ధర పెట్టారు, మేర లాగే. ఐతే ఈ మడక కొంత మేర తనే దున్నుతుంది.

దీని దెబ్బ ఎక్కడ ముందు తగులుతుందో ఊహించడానికి జోస్యం అక్కర్లేదు. చిన్న ఊరి ఆఫీసుల్లో కొత్తగా చేరినవాళ్ళకి మొదట ఇచ్చే పనులు ఏమిటి? సరుకు వాడేవాళ్ళ ప్రశ్నలకి జవాబులు రాయడం, పరీక్షించడం, మాన్యువల్ సరిదిద్దడం, చిన్న తప్పులు వెతికి పట్టుకోవడం. తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషు మాన్యువల్ ముందు తడబడే పిల్ల ఆ కోడ్‌లోకి మెల్లగా దిగే మెట్లు అవే. యంత్రం ముందుగా నేర్చుకున్నదీ అవే. అదే యంత్రం ఆ మాన్యువల్‌ని ఆమెకి తెలుగులో విడమర్చి కూడా చెబుతోంది, ఇరవై ఏళ్ళ క్రితం ఏ సీనియరూ ఓపిగ్గా చెప్పనంత వివరంగా. మెట్టు తీసేసిందీ, చెయ్యి ఇస్తున్నదీ ఒకటే. రేణిగుంటలోనో పుత్తూరులోనో ఈ ఏడాది డిగ్రీ పట్టా పుచ్చుకునే పిల్లకి వీటిలో ఏది ముందు ఎదురవుతుందన్నది ఆమెని ఉద్యోగంలోకి తీసుకునేవాళ్ళ చేతుల్లో ఉంది. వాళ్ళు ఇప్పుడు వేసుకుంటున్న లెక్కలో మొదటి ఏడాది నేర్చుకోవడానికి జీతమిచ్చే గడి ఇంకా ఉందా?